నల్లాకు రుచి

మా ఆయన పోయాక, మిరపకోతకని మొదటిసారి ఒంటరిగా శ్రీకాకుళం నుంచి వినుకొండ వైపు వెళ్లాను. అక్కడ రైతు సుబ్బమ్మ వర్జీనియా పొగాకుని ఆవిరిపెట్టి, బరువుకింద నొక్కి, పైపులో తాగే రకంలా నల్లగా మగ్గబెట్టింది. కుదిరితే పంటంతా అలాగే చేద్దామని ఆశ. వాళ్లింట్లో ఎవరూ పొగతాగరు. నేను తాగుతానని విని, రుచి చూసి చెప్పమని పిలిచింది.

పైపు లేదు. చుట్ట చుట్టి వెలిగించి, మా ఊరి ఆడవాళ్లలాగే నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకున్నాను.

"ఓసి నీ దుంపతెగ! నోరు కాలుద్దే!" అని అరిచింది సుబ్బమ్మ.

ముందు చేదు తగిలింది, వెనకే ఎండు ఖర్జూరం తీపి. గొంతు మండలేదు.

"కుదిరిందమ్మా. పంటంతా మగ్గబెట్టు," అన్నాను.

సుబ్బమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"కాపురానికొచ్చిన కాడి నుంచీ పండిస్తన్నా, నోటబెట్టి ఎరగను. ఓ దమ్ము ఇటియ్యవే. నిప్పు మాత్రం బయటే ఉంచుకుంటా."