సిలువదాసన్ రాయి

లైట్‌హౌస్ పార్కు గేటు దగ్గర టికెట్లు చింపడం నా ఉద్యోగం. ఇది ఇంకా ఎవరి చేతిలోనూ ఫోన్లు లేని రోజుల మాట. మధ్యాహ్నం మూడింటికి గేటు తీస్తే మొదటి టికెట్టు ఎప్పుడూ సిలువదాసన్ చేట్టాదే. చేట్టా అంటే మా వైపు అన్న అని. ఒకప్పుడు మా రేవులో గాలం వేటకి అతన్ని మించినవాడు లేడు. అప్పటికి డెబ్బై దాటాయి, రెండు కళ్ళలోనూ పొరలు. తెప్ప ఎక్కి ఆరేళ్ళయింది. లోపలికొచ్చి లైట్‌హౌస్ పక్కనున్న పొన్నచెట్టు కింద కూలబడేవాడు. ఒక్కనాడూ లైట్‌హౌస్ పైకెక్కి చూడలేదు.

"ఊరికే కూర్చోడానికి టికెట్టెందుకు చేట్టా? గోడవతల ఇసకంతా మీదేగా," అనేదాన్ని.

"నేను కొనకపోతే నీకు జీతమెవడిస్తాడు ఫిలోమినా?" అనేవాడు.

అంతకుమించి మాటల్లేవు. మాట్లాడే ఓపిక అతనికీ లేదు, వినే ఓపిక నాకూ లేదు. పొద్దస్తమానం నిలబడి నా కాళ్ళు అప్పటికే తిమ్మిరెక్కి ఉండేవి.

ఆ ఏడు పార్కుని బాగుచేస్తామంటూ ఒక కమిటీ దిగింది. బాగుచేయడమంటే ముందు ఉన్నదాన్ని కొట్టేయడమే కదా! కొత్త ఇంజనీరు పొన్నచెట్టు మీద సున్నంతో ఇంటూ గుర్తు వేయించాడు. జనం తీసుకునే ఫోటోలకి అడ్డమట. చేట్టా ఆ గుర్తుని వేళ్ళతో తడిమి, "ఇదేంటి?" అన్నాడు. చెట్టు కొట్టేస్తారని చెప్పాను. చేతిలో టికెట్టు ఉండచుట్టుకుపోయింది.

"కొట్టకూడదు," అన్నాడు.

"ఎందుకని?"

"కొట్టకూడదంతే."

నాకు అప్పుడు వెలిగింది. మావాళ్ళకి సముద్రంలో రాళ్ళుంటాయి. నీళ్ళడుగున గుట్టలు. పెద్ద పెద్ద కలవ చేపలు వాటి సందుల్లోనే కాపురం. పైనుంచి చూస్తే అంతా నీళ్ళే. రాయి దొరకాలంటే, తెప్ప మీంచి చూసినప్పుడు ఒడ్డు మీది చెట్టొకటి, కట్టడమొకటి ఒక వరసలోకి రావాలి. అలాంటి వరసలు రెండు కలిసిన చోట రాయి ఉన్నట్టు. ఆ గుర్తు ఇంటి గుట్టు. తండ్రి కొడుక్కి నడిసముద్రంలో చెప్పాలే తప్ప నేలమీద నోరు విప్పకూడదు. కట్టుకున్నదానికి కూడా చెప్పరు. చేట్టాకి కొడుకుల్లేరు. చెప్పకుండానే ఒడ్డెక్కేశాడు.

ఇప్పుడు చెట్టు పోతే రాయీ పోతుంది. చెట్టు నిలవాలంటే గుట్టు పదిమందిలో పెట్టాలి. చేట్టా మూడు రోజులు పార్కుకి రాలేదు. ఇంటికెళ్ళి చూస్తే గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. వాళ్ళావిడ పెట్టిన కర్రపెండలం, చేపల పులుసు అలాగే చల్లారిపోయాయి.

"దొంగలా బతికాను ఫిలోమినా," అన్నాడు. "రాయి ఉన్న ఉత్తరానికి పోవాలంటే ముందు దక్షిణానికి పోయి చుట్టు తిరిగేవాణ్ణి. ఇంకొకడి తెప్ప కనిపిస్తే ఖాళీగా వెనక్కొచ్చేవాణ్ణి. ఇంక నావల్ల కాదు."

ఆదివారం చర్చిలో పూజయ్యాక పార్కులోనే మీటింగు పెట్టారు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని ఇంజనీరు మాటవరసకి అడిగాడు. చేట్టా లేచాడు. చేతికర్రతో ఇసకలో గీయడం మొదలుపెట్టాడు.

"ఇది లైట్‌హౌస్. పొన్న దీని ఎడమ భుజానికి తగలాలి. ఇది చర్చి శిలువ. వెనకున్న కొండ నడిమి పల్లంలోకి దిగాలి. ఈ రెండూ కుదిరిన చోట మా నాన్న రాయి ఉంది. ఈ చెట్టు కొడితే అదిక ఎవరికీ దొరకదు సార్."

నేలమీద పలికేశాడు. పక్కన ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. అప్పుడు లాజర్ గొంతు సవరించుకున్నాడు. అతనూ గాలం వేటగాడే. చేట్టా జీవితమంతా తప్పించుకు తిరిగింది ముఖ్యంగా ఇతని నుంచే.

"కూర్చో చేట్టా. ఇంత బొమ్మ గీయాలా? మాకు తెలుసుగా."

"ఏం తెలుసురా?"

"నీ రాయి. మా అయ్యకి తెలుసు, నాకు తెలుసు, రేవంతా తెలుసు. నువ్వు దక్షిణానికి తిరిగావంటే, ఇవాళ ఉత్తరానికి పోతున్నాడురా అని నవ్వుకునేవాళ్ళం."

అందరూ పకపకా నవ్వారు. చేట్టా ముఖం పాలిపోయింది.

"మరి ఒక్కడూ రాలేదేరా?"

"ఒకరింటి రాయి మీద ఇంకొకడు గాలం వేస్తాడా? ఆ ఇంటి మనిషి ఉండగా?"

"నేను సముద్రం మొహం చూసి ఆరేళ్ళయింది కదరా!"

"బతికే ఉన్నావుగా," అన్నాడు లాజర్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఆరేళ్ళలో రేవులో ఎన్ని పొయ్యిలు వెలగలేదో మా అందరికీ తెలుసు. ఇంజనీరు దగ్గరుండి చెట్టు మీది సున్నం తుడిపించాడు. చేట్టా కర్ర ఎత్తి, "రేపట్నుంచి పొండి. నేను చెబుతున్నాను, అందరూ పొండి," అని ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారి నేను ఊడుస్తుంటే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లైట్‌హౌస్ పైకి తీసుకెళ్ళమన్నాడు. రూలు ఒప్పుకోదు. అయినా తీసుకెళ్ళాను. మెట్టు మెట్టుకీ ఆగి, నా భుజం మీద బరువంతా వేసి ఎక్కాడు. పైకి చేరగానే సముద్రం వైపు తిరిగాడు.

"నాకు కనబడదు. నువ్వు చూడు. ఉత్తరాన ఎన్ని తెప్పలున్నాయి?"

చూశాను. తెప్పలన్నీ దక్షిణాన, ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. ఉత్తరాన ఒక్కటీ లేదు. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"ఎవరూ లేరు చేట్టా."

కటకటాలు పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. "పొమ్మన్నాను కదే," అన్నాడు. "నేను చస్తే గానీ వీళ్ళు అన్నం తినరా?" కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నాకూ ఏడుపొచ్చింది, వాళ్ళ మర్యాద మీద ఒళ్ళుమండింది కూడా.

దిగేసరికి ఎండ ముదిరింది. చేట్టా ఇంటికి మళ్ళలేదు, నేరుగా రేవుకే నడిచాడు. లాజర్ అప్పుడే ఒడ్డుకొచ్చి, గుప్పెడు చిల్లర చేపల ముందు అలసిపోయి కూర్చుని ఉన్నాడు.

"లేవరా," అన్నాడు చేట్టా. "నన్నెక్కించుకో. నేను తెప్ప మీద ఉంటే ఆ గాలం నాదే. నువ్వు నా చెయ్యివి, అంతే."

లాజర్ లేచి, ముసలాయన్ని రెండు చేతులా ఎత్తి తెప్ప మీద కూర్చోబెట్టి, తెప్పని మళ్ళీ నీళ్ళలోకి నెట్టాడు.