బంగారమ్మను చూడని సాక్షి

జోగులమ్మ తమ ఊరి దేవత బంగారమ్మ తల్లికి ఎన్ని స్నానాలు చేయించిందో లెక్కలేదు గానీ, ఒక్కసారైనా ఆ తల్లి ముఖం చూడలేదు. గొలుగొండ అవతల వాళ్ళ ఊళ్ళో అదే ఆచారం. ఏటా పండగ ముందు గుడి తలుపులు మూసి, పాత పసుపు కడిగి, నువ్వులనూనె రాసి, కొత్త పసుపు పట్టించేది జోగులమ్మ ఇంటి కోడళ్ళే. కడిగే మనిషి కళ్ళకు గుడ్డ కట్టుకోవాలి. పసుపు లేని అమ్మను చూస్తే కళ్ళు పోతాయని నమ్మకం. ఊరికి కనిపించేదల్లా పసుపు ముద్ద, వెండి కళ్ళు, ఎర్రచీర. లోపలి కంచు బొమ్మ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

జోగులమ్మ చేతులకు మాత్రం తెలుసు. కాపురానికొచ్చిన ఏడాదే అత్తగారు ఆమె వేళ్ళు పట్టుకుని బొమ్మ మీద తిప్పి నేర్పింది. ఎడమ చెవి తమ్మె కాస్త విరిగి ఉంటుంది. వీపున బొటనవేలు ఇమిడేంత గుంట ఉంటుంది. తరవాత మొగుడు పోయాడు. నర్సీపట్నం దారిలో జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరితే, పిక్కల్లోని జీడి రసం కారి వేళ్ళన్నీ మాడి నల్లబడ్డాయి. ఆ వేళ్ళు చూసి పెళ్ళిళ్ళలో వడ్డనకు కూడా పిలవని జనం, పండగనాడు మాత్రం ఆమెకు దారి ఇచ్చి పక్కకు నిలబడేవారు. ఆమె బతుక్కి ఉన్న గౌరవమంతా ఆ ఒక్కరోజుదే.

ఒక తెల్లవారి చూస్తే గుళ్ళో అమ్మ లేదు. మరో ఊరైతే పోలీసు స్టేషన్‌కు పరిగెత్తేది. వీళ్ళు కోడిని కోశారు.

“అమ్మ అలిగి కొండెక్కిపోనాది. అమ్మ మీద పోలీసు కేసేటి, కళ్ళు పోతాయి!” అన్నాడు ఊరిపెద్ద అప్పలరాజు. పైగా జోగులమ్మ వైపు తిరిగి, “నీ సేతిలోనే ఏదో లోపం వొచ్చినాదప్పా,” అని కూడా అన్నాడు. ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగబడింది.

కొన్నేళ్ళకు వేరే కేసులో దొరికిన దొంగ ఒకడు, బంగారమ్మను ఎత్తుకుపోయి అమ్మింది తనేనని పోలీసులకు చెప్పాడు. అప్పటికి ఆ బొమ్మ విశాఖలో సోమసుందరం అనే పెద్దమనిషి ఇంట్లో ఉంది. ఆయనకు పాత విగ్రహాలంటే ప్రాణం. ఊళ్ళకు ఊళ్ళ దేవుళ్ళు ఆయన ఏసీ గదుల్లో, వరసగా, పస్తులతో నిలబడి ఉంటారు. తెలియక దుకాణంలో కొన్నానంటూ ఆయన బిల్లు చూపించాడు. పురావస్తువుగా తన పేర రిజిస్టరు చేయించుకున్న సర్టిఫికెట్టూ, దాని మీద ఫొటో కూడా చూపించాడు. ఊరి దగ్గర ఏముంది? ఫొటో లేదు, అప్పట్లో ఇచ్చిన ఫిర్యాదూ లేదు. కోర్టుకు వచ్చేసరికి దొంగ కూడా మాట మార్చేశాడు. బంగారమ్మ ఊరికి రావాలంటే మిగిలింది జోగులమ్మ సాక్ష్యం ఒక్కటే.

నర్సీపట్నంలో వాయిదా నాడు, ఊరి తరఫు వకీలు ఉదయ్‌కుమార్ ఆమెను పక్కకు పిలిచాడు.

“బొమ్మను చూపిస్తారు. ఇదే మా అమ్మ, ఏటా చూస్తానని చెప్పు. అంతే.”

“కళ్ళకి గుడ్డుంటాది గదండీ బాబూ.”

“గుడ్డ సంగతి నిన్నెవరడిగారమ్మా?”

బోనెక్కాక బల్ల మీద అమ్మ కనిపించింది. ఒంటి మీద పసుపు చుక్క లేదు, చీర లేదు, తోమి తోమి మెరిపించారు. అంతమంది మగాళ్ళ మధ్య అమ్మను అలా నిలబెట్టారు. జోగులమ్మ సిగ్గుతో తల తిప్పేసుకుంది.

“ఈ విగ్రహాన్ని ఇదివరకు ఎప్పుడైనా కళ్ళారా చూశావా?” అనడిగాడు సోమసుందరం వకీలు.

“లేదండి. ఎప్పుడూ సూళ్ళేదు,” అంది జోగులమ్మ. వెంటనే, “సెయ్యి ఎయ్యనిస్తే సెప్తాను బాబూ, నా సెయ్యికి తెలుసండి,” అని బతిమాలింది.

“నేనడిగినదానికి జవాబు వచ్చేసింది,” అని ఆ వకీలు కూర్చున్నాడు.

జడ్జిగారు ఉదయ్‌కుమార్ వైపు చూసి, మీరేమైనా అడుగుతారా అన్నారు. చేత్తో పట్టి చూడనివ్వండి అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. మహానుభావుడు కోపంతో ముఖం కందగడ్డలా చేసుకుని, “ఏమీ లేదు సార్,” అన్నాడు. చదువుకున్న మనిషి అలక ఎంత ఖరీదో చూడండి.

“ఒక్క అబద్ధం! ఒక్కటంటే ఒక్కటి ఆడలేకపోయావా?” అని బయట వరండాలో విరుచుకుపడ్డాడు.

“ఆయమ్మ ఎదర నిలబడి, ఆయమ్మ కోసం అబద్దమాడమంటారేటి బాబూ?” అంది జోగులమ్మ.

విగ్రహాన్ని సోమసుందరానికి అప్పగించమని తీర్పొచ్చింది. అప్పగించే రోజున జోగులమ్మ పని మానుకుని ఒక్కతే ఆటో ఎక్కి కోర్టుకు వెళ్ళింది. సోమసుందరం పెట్టె తెరిపించి బొమ్మను చూసుకుంటున్నాడు. ఒక్కపాలి సెయ్యి ఎయ్యనివ్వండని ఆమె దండం పెడితే కాదనలేదు. మర్యాదస్తుడే. తెల్ల గ్లవుజులు తీసిచ్చి, “ఇవి తొడుక్కోమ్మా. చేతి జిడ్డు తగిలితే కంచు పాడైపోతుంది,” అన్నాడు. తరతరాలుగా నూనె తాగిన తల్లికి ఆమె చెయ్యి జిడ్డయింది!

గ్లవుజులు తొడుక్కుని, కళ్ళు మూసుకుని తడిమింది. విరిగిన తమ్మె దొరికింది. వీపున గుంటలో బొటనవేలు వెళ్ళి కూర్చుంది.

“బాబూ, ఈవిడ మా అమ్మేనండి!”

“ఆ మాట కోర్టులో చెప్పాల్సిందమ్మా,” అని ఆయన నెమ్మదిగా గ్లవుజులు లాగేసుకున్నాడు. జోగులమ్మ పరుగున వెళ్ళి వరండాలో ఉన్న ఉదయ్‌కుమార్‌కు చెబితే, చూడలేదని నువ్వే చెప్పాక ఇప్పుడెవరు నమ్ముతారని విసుక్కున్నాడు. కారు విశాఖ దారి పట్టింది.

సాయంత్రం ఊళ్ళో ఆటో దిగేసరికి గుడి ముందు జనం కాచుకుని ఉన్నారు.

“సూసొచ్చినావా అప్పా? అది మనమ్మేనా?” అనడిగాడు అప్పలరాజు.

అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. అవునంటే, మరి కోర్టులో ఎందుకు చెప్పలేదని అడుగుతారని జోగులమ్మకు తెలుసు. సొంత నోటితో అమ్మను పరాయివాడికి అప్పగించిందని చచ్చేదాకా అంటారు. ఆమె పోయాక, ఆ పనికి వచ్చే కోడలినీ అంటారు.

“కాదు తమ్ముడూ. సెయ్యేసి సూసినాను, మనమ్మ కాదు.”

“నానేటన్నాను! మనమ్మని ఎత్తుకుపోయే మగోడింకా పుట్లేదు. కొండ మీదే ఉంది, దానంతటదే దిగొస్తాది,” అని అప్పలరాజు తొడ చరిచాడు. ఎవరో ఆడమనిషి చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అమ్మ కోసం ఆడనన్న అబద్ధం తన కోసం ఆడేసి, జోగులమ్మ ఆ నీళ్ళు తాగింది.