అన్నను క్షమించానని చెప్పిన ఆదివారం

నాకు ఓపిక తక్కువ. మోటార్లు చుట్టే పనిలో ఉన్నవాడికి అది ఉండకూడని జబ్బు. కాలిపోయిన రాగితీగ విప్పాలి, చుట్ల లెక్క తప్పకుండా కొత్త తీగ చుట్టాలి, వార్నిష్ పోసి ఆరేదాకా ఆగాలి. ముప్పై ఏళ్ళుగా చిత్తూరులో ఆ పనే చేస్తున్నాను. ఆగడం నా చేతులకు వచ్చింది గానీ నోటికి రాలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక శనివారం సాయంత్రం, ఆసుపత్రి నర్సుగా రిటైరై, అందరూ నర్సమ్మ అని పిలిచే ఒకావిడ ఇంట్లో బోరు మోటారు బిగించడానికి వెళ్ళాను. పని ముగించి బయలుదేరబోతుంటే వాన పట్టుకుంది. ఆవిడ వసారాలో ఏడెనిమిది మంది చాపల మీద కూర్చుని బైబిలు చదువుతున్నారు. వాన ఆగేదాకా నేనూ ఒక మూల కూర్చున్నాను. ఆవిడ ఒక్క వచనం పట్టుకుని ముప్పావు గంట వదల్లేదు. అర్థం చెప్పడం కాదు, అందరినీ ప్రశ్నలు వేసి చంపుతోంది. ఈ లెక్కన పుస్తకం ముగిసేసరికి వీళ్ళ మనవలు ముసలివాళ్ళవుతారని నవ్వుకుని ఇంటికి వచ్చాను.

తర్వాతి శనివారం, వాళ్ళు ఎంత దూరం వెళ్ళారో చూద్దామని మళ్ళీ వెళ్ళాను. ఆ వచనం దగ్గరే ఉన్నారు. నువ్వెట్లా నమ్మావని ఎవరైనా అడిగితే నా దగ్గర గొప్ప కథ లేదు. వాళ్ళు ఎప్పుడు ముందుకు కదులుతారో చూడ్డానికి వెళ్ళి వెళ్ళి నమ్మినవాణ్ణి నేను.

ఎందుకు కదలరో నెల తర్వాత తెలిసింది. ఆ క్లాసుకు ఒక పద్ధతి ఉంది. కొత్త వచనం తెరవడానికి ముందు, పోయిన వారం చదివినదాన్ని ఈ వారం ఏం చేశారో ఒక్కొక్కరూ చెప్పాలి. ఒక్కరు చేయకపోయినా అందరూ ఆగాలి. “ప్రార్థన చేసినానమ్మా” అంటే ఆవిడ ఒప్పుకోదు. “ప్రార్థన చేసినావు సరే. లేసి ఏం చేసినావు?” అంటుంది.

రెండేళ్ళకు నేను బాప్తిస్మం తీసుకున్నాను. నా భార్య ఆ మరుసటేడు తీసుకుంది. పలమనేరు పక్కన మా ఊళ్ళో నాయన, అన్న సేద్యం చేసేవాళ్ళు. నాయనకు చెబితే ఒక్క మాటే అన్నాడు: “మంచిగా బతికితే సాలు నాయనా, యా దేవుడైతేనేం.” అన్న ఏమీ అనలేదు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, మాటలు తక్కువ మనిషి.

ఆ తర్వాత మూడేళ్ళకు నాయన పోయాడు. కర్మ రోజున బావి దగ్గర కొడుకులిద్దరం గుండు కొట్టించుకుని పిండం పెట్టాలి. నేను చేయనన్నాను. మాటా మాటా పెరిగింది. అందరి ముందూ అన్న లేచి, “పోరా ఈడ్నించి” అన్నాడు. అన్నం కూడా తినకుండా బస్సెక్కి వచ్చేశాను.

ఈ కథను నేను మూడేళ్ళపాటు మందిరంలో సాక్ష్యంగా చెప్పుకుంటూ తిరిగాను. విశ్వాసం కోసం తోడబుట్టినవాడే గెంటేశాడంటే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పక్క ఊరి సంఘంవాళ్ళు కూడా ఒకసారి పిలిపించి చెప్పించుకున్నారు. మందిరంలో అందరూ నాకు బ్రదర్లే. అసలు బ్రదర్ ఒక్కడితోనే మాటల్లేవు. అది కూడా నా సాక్ష్యానికి బలమే అనుకునేవాణ్ణి.

అట్లా ఉండగా మా శనివారం క్లాసు యేసు చెప్పిన కొండమీది ప్రసంగంలోకి వచ్చి, దేవుడికి అర్పణ తెచ్చినవాడు, తన మీద సోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి, ముందు వెళ్ళి సోదరుడితో సమాధానపడి, అంటే రాజీపడి, రావాలన్న మాట దగ్గర ఆగింది. ఆగింది నా వల్లే.

మొదటి వారం టైలరు ఒకాయన తన బావమరిదితో మాట్లాడి వచ్చాడు. రెండో వారం బస్సు కండక్టరు, ఆయన భార్య కలిసి పక్కింటివాళ్ళ గడప తొక్కి వచ్చారు. నా వంతు వచ్చినప్పుడల్లా నేను “ఇంకా లేదమ్మా” అనేవాణ్ణి. ఆవిడ పుస్తకం మూసేది. నెల గడిచింది. అందరూ నావైపు చూసే చూపు మారింది. రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదెను చూసినట్టు చూసేవాళ్ళు.

దానికి తోడు ప్రభువు బల్ల. మా మందిరంలో నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో ఎవరితోనైనా తగవు పెట్టుకున్నవాళ్ళు ముందుకు వెళ్ళరు, కూర్చునే ఉంటారు. కూర్చున్నవాణ్ణి చూసి మిగతావాళ్ళు కారణం ఊహిస్తారు. ఊహించడం తప్పని అందరికీ తెలుసు, అయినా ఊహిస్తారు. నేనే ఎందరి గురించి ఊహించానో. ఇప్పుడు నా వంతు. నా భార్య లేచి వెళ్ళేది, నేను కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ ఉండేవాణ్ణి. వెనక వరసలో గుసగుస వినబడితే చెవులు కాలిపోయేవి. రెండు నెలలు అట్లా కూర్చున్నాను. ఇంట్లో అన్నం సహించేది కాదు, షాపులో చుట్ల లెక్క తప్పి చుట్టిందే మళ్ళీ విప్పేవాణ్ణి.

ఒకరోజు అట్లా విప్పుతూ, చేతిలో ఉన్న మోటారుతోనే గట్టిగా అన్నాను: “అన్నా, నిన్ను క్షమించేసినాను, పో.” చాలా తేలికగా అనిపించింది.

ఆ వచ్చే ఆదివారం బల్ల. సాక్ష్యాల సమయంలో లేచాను. మూడేళ్ళుగా నన్ను కాదన్న అన్నను ప్రభువు సాయంతో క్షమించానని, మా మధ్య ఇప్పుడు సమాధానం ఉందని చెప్పాను. మందిరమంతా “స్తోత్రం” అంది. డోలక్ మోగింది. ఒక ముసలావిడ వచ్చి నా తల నిమిరింది. నేను ముందుకు వెళ్ళి రొట్టె తీసుకున్నాను. అది గొంతులో అడ్డం పడిందని చెబితే బాగుంటుంది గానీ, పడలేదు. మెత్తగా దిగింది. ఇప్పటికీ నాకు భయం వేసేది అందుకే.

ఇంటికి వచ్చాక నా భార్య, “మీరు పలమనేరు ఎప్పుడు పోయినారు?” అంది.

“అన్నీ నీకు చెప్పే పోవల్లా?” అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే కాదు, ఆ వారమంతా నాతో పనికి సరిపడా మాటలే మాట్లాడింది.

శనివారం నర్సమ్మ అడిగింది, “అన్న ఏమన్నాడు నాయనా?”

“ఏమీ అనలేదమ్మా” అన్నాను. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. ఆవిడ నన్ను ఒక్క క్షణం ఎక్కువ చూసి, కొత్త వచనం తెరిచింది. చాపల మీద అందరికీ ప్రాణం లేచి వచ్చింది. నాకు మాత్రం ఆ వచనంలో ఒక్క ముక్క తలకెక్కలేదు.

మా క్లాసులోని కండక్టరుది పలమనేరు సర్వీసే. ఒకనాడు మా ఊరి పేరు చెప్పి టికెట్టు అడిగిన మనిషి ముఖం నా ముఖంలాగే ఉందట. వివరం అడిగి, మా అన్నే అని తెలుసుకుని, పాపం సంతోషంగా చెప్పేశాడట: మీ తమ్ముడు మందిరంలో చెప్పినాడు, మిమ్మల్ని క్షమించినాడంట, ఇద్దురూ కలిసిపోయినారంట, మేమంతా స్తోత్రం చెప్పినామని.

ఆ మధ్యాహ్నమే అన్న ఫోను చేశాడు. మూడేళ్ళలో అదే మొదటిది.

“ఏమిరా, నన్ను క్షమించినావంటనే?”

చేతిలో తీగ వదిలేసి షాపు బయటికి వచ్చాను.

“నేనేం తప్పు చేసినానో మీ చర్చిలోనే చెప్పినావా? నాకూ చెప్తే తెలుసుకుంటా గదరా.” అంతే, పెట్టేశాడు.

నా కోపం ముందు కండక్టరు మీదికి వెళ్ళింది. వాడికెందుకు ఊళ్ళో గొడవలన్నీ అని షాపులో గంటసేపు తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాక మిగిలింది సిగ్గు. మంగళవారం వచ్చిన సిగ్గు శనివారం దాకా తగ్గలేదు. ఆ సాయంత్రం అందరి ముందూ, కండక్టరు ముందు కూడా, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. నర్సమ్మ మాత్రం కొత్త పేజీ వదిలేసి పాత పేజీకి వెళ్ళమంది.

“ఆ మాట సూడకుండా చెప్పు.”

మూడు నెలలు నలిపిన మాట. గడగడా అప్పజెప్పాను.

“దాంట్లో మనసు నొచ్చింది ఎవురికి? అర్పణ తెచ్చినోడికా, ఆడ ఇంట్లో ఉండేవోడికా?”

చెప్పబోయి ఆగాను. నొచ్చుకున్నది ఇంట్లో ఉన్న సోదరుడు. నడిచి వెళ్ళాల్సింది నొప్పించినవాడు. అప్పజెప్పిన నోటికి ఇంతకాలం ఆ సంగతి తెలియలేదు. చదివిన ప్రతిసారీ నేను నొచ్చుకున్నవాడి చోట్లో కూర్చుని చదివాను.

“అమ్మా, గెంటింది ఆయన” అన్నాను, నా రోషం నాది.

“గెంటక ముందు నువ్వేం చేసినావు?”

రెండు మందిరాల్లో అంతమందికి చెప్పానా కథ, ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. నేనూ ఆ ముక్క చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. బావి దగ్గర అన్న ముందు కూర్చున్నాడు. మంగలి సగం తల గొరిగాడు. అప్పుడు నేను చేయనని ఊరుకోలేదు. చుట్టాల మధ్యకు వెళ్ళి నిలబడి, ఇదంతా ఎందుకు పనికిరానిదో ప్రసంగం మొదలుపెట్టాను. కొత్తగా నేర్చుకున్నదంతా కక్కాను. ఎంతసేపో తెలియదు. మంగలి కత్తి పట్టుకుని ఆగిపోయాడు. అన్న సగం గుండుతో, పలమనేరు చలిలో, నీళ్ళు కారుతూ, పీట మీద అట్లాగే కూర్చున్నాడు. నాయన పోయిన మనిషి. నేను ఆగితే గానీ ఆయన తల పూర్తయ్యే దారి లేదు. ఆ తర్వాతే లేచి నన్ను పొమ్మన్నాడు.

చెబుతుండగానే నాకు ఏడుపు వచ్చింది. నర్సమ్మ పుస్తకం మూసి, “అయితే ఈడ కూర్చుని ఏం చేస్తా ఉండావు?” అంది.

మరునాడు ఆరాధన మానేసి పొద్దున్నే పలమనేరు బస్సెక్కాను. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంటూ, ఒకదానికొకటి అతకక విసుక్కుంటూ ఉన్నాను. అన్న టమోటా తోటలో ఉన్నాడు, క్రేట్లు గట్టు మీదికి మోస్తున్నాడు. నన్ను చూసి క్రేటు దించలేదు.

“అన్నా, తప్పు నాది. బావికాడ నేను అట్లా మాట్లాడకూడదు. నిన్ను అందరి ముందర నిలబెట్టేసినాను” అన్నాను. బస్సులో కూడగట్టినదాంట్లో ఇంతే మిగిలింది.

అన్న క్రేటు దించి, గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“నిన్ను మొక్కమని ఎవురడిగినార్రా? పిండం పెట్టమని గూడా నేను అడగలే. నీ దేవుడు నీకు. నాయన పోయినాడు, పక్కన నిలబడతావని సూసినా. అంతే నేను సూసింది.”

నా దగ్గర ఎన్ని వచనాలున్నాయో. ఒక్కటీ నోటికి రాలేదు, రాకపోవడమే మంచిదైంది.

“ఇద్దరు కొడుకులుండీ ఒక్కడే నీళ్ళు వదిలినాడని ఇప్పటికీ అంటా ఉండారు. నీకు ఆడ చప్పట్లు కొట్టినారంట గదా.”

“చప్పట్లు కాదన్నా, స్తోత్రం అంటారు” అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను. అన్న ముఖంలో నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది.

వదిన సంగటి పెట్టింది. ఇద్దరం కలిసి తిన్నాం. బయలుదేరేటప్పుడు అన్న రోడ్డుదాకా వచ్చాడు.

“మీ చర్చిలో ఇప్పుడేం చెప్తావు?”

“అబద్ధం చెప్పినానని చెప్తా. తప్పు నాదేనని చెప్తా.”

“చెప్పు. నేను నిన్ను క్షమించినానని మాత్రం చెప్పొద్దు. నాకింగా మనసు రాలే.”

చెప్పనన్నాను. బస్సు వచ్చింది.

ఆ వచ్చేది మొదటి ఆదివారం. వారమంతా కుదురులేదు. శనివారం రాత్రి నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె విని, సరే అంది. మందిరంలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. పోయినసారి నేను చెప్పింది అబద్ధమని, విశ్వాసం కోసం నన్ను ఎవరూ గెంటలేదని, నేనే ఏం చేశానో చెప్పి, “మా అన్న నన్ను ఇంకా క్షమించలేదు” అని కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఏ పాట ఎత్తుకోవాలో తెలియక పాస్టరుగారు కాసేపు పాటల పుస్తకం తిరగేశారు.

బల్ల మొదలైంది. వరసలు వరసలుగా లేచి ముందుకు వెళ్తున్నారు. మా వరస వంతు వచ్చింది. అన్నకు మనసు వచ్చేదాకా నేను లేచేది లేదు, నా భార్య లేస్తుందని కాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చాను. ఆమె లేవలేదు. కొంగు సర్దుకుని నా పక్కనే కూర్చుంది.