బండలగట్టు క్వారీ నీళ్లు

నేరేడుచర్ల దాటి దామరచర్ల వైపు పోతుంటే, వరి మళ్లు అయిపోయిన చోట నేల ఒక్కసారిగా మారిపోతుంది. తుమ్మ కంప, పలుగురాళ్లు, మనిషెత్తున పోసిన బండముక్కల కుప్పలు. ఆ కుప్పల వెనక ఒకప్పుడు బండలగట్టు క్యాంపు ఉండేది. ఇప్పుడక్కడ ఎవరూ ఉండరు. బుచ్చమ్మ కాపురం చేసింది అక్కడే.

గొర్లు కాసే ఇంట్లో పుట్టి, గొర్లు కాసే ఇంటికే కోడలుగా వచ్చిందామె. పెళ్లైన కొత్తలోనే గట్టు మీద నాపబండల క్వారీ తెరిచారు. భర్త లింగస్వామి మందను తమ్ముడు చిరంజీవికి అప్పగించి బండలు కోసే మిషను మీద చేరాడు.

"ఎండనక వాననక గొర్ల ఎనక ఎన్నాళ్లు తిరుగుతం? గీడైతే నెల తిరిగేసరికి జీతమొస్తది" అన్నాడు.

పనికిరాని బండలే నిలబెట్టి గోడలు కట్టుకున్నారు, బండలే పైన పరుచుకున్నారు. వాళ్ల వెనకే పాలమూరు వాళ్లొచ్చారు, తండాల నుంచి లంబాడీ వాళ్లొచ్చారు. మిర్యాలగూడ షావుకారు శ్రీపతి కిరాణా కొట్టు పెట్టాడు. ఒకే గదిలో బడి నడిచింది. బస్సు అక్కడిదాకా వచ్చి తిరిగి పోయేది. బుచ్చమ్మ లారీలకు బండలెత్తింది. కూతురు గీతను ఆ బండల ఇంట్లోనే కన్నది.

తవ్వగా తవ్వగా క్వారీ లోతుకు పోయింది. మిషను కోసిన గోడలు కత్తితో జున్నుముక్క కోసినట్టు నున్నగా, నిట్టనిలువుగా ఉండేవి. లింగస్వామి సాయంత్రం ఇంటికొస్తే బండ దుమ్ముతో కనుబొమ్మల దాకా తెల్లగా ఉండేవాడు. ఒక ఏడాది అడుగున ఊట పడింది. విరామం లేకుండా మోటరు నడిపి తోడేవాళ్లు. ఇంతలో ఇళ్లకు బండలు పరుచుకునే రోజులు పోయి టైల్స్ వచ్చాయి. యజమాని ముందు మిషన్లు తీసుకుపోయాడు, తర్వాత మోటరు కూడా విప్పుకుపోయాడు. వానాకాలం గడిచేసరికి గుంత నిండిపోయింది. జనం తలుపులు, కిటికీలు ఊడదీసుకుని ట్రాక్టర్లలో వేసుకుని తలా ఒక దిక్కు వెళ్లారు. బస్సు రావడం మానేసింది.

లింగస్వామికి అప్పటికే దగ్గు ముదిరింది. మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు, దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇక అది పోదని చెప్పాడు. ఖాళీ అయిన క్యాంపులోనే అతను పోయాడు. మోయడానికి నలుగురు మనుషులు లేక చిరంజీవి ట్రాక్టరు తెచ్చాడు.

గీతను తిరుమలగిరిలో ఇచ్చాక బుచ్చమ్మ మరిది దగ్గరికి చేరి మళ్లీ గొర్ల వెంట నడిచింది. నాలుక మడిచి ఆమె కూత పెడితే ఎంత దూరాన మేస్తున్న మందైనా తలెత్తి వచ్చేది. ఆ కొన్నేళ్లూ ఆమెకు బతుకు కాస్త తెరిపిగానే అనిపించింది.

మొన్నటి ఎండాకాలం కాలువకు నీళ్లు వదల్లేదు. చెరువు ఎండి పర్రెలు బారింది. ఏ బోరు దగ్గరికి తోలినా రైతులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

"క్వారీ గుంతల నీళ్లుంటయ్" అంది బుచ్చమ్మ.

చిరంజీవి వెంటనే ఒప్పుకోలేదు. "ఆ గుంత కాడికి వద్దు వదినె. నాకు భయమైతది."

"లారీలు దిగిన బాట ఉంది గదా తమ్మీ. మెల్లగ నీళ్ల అంచు దాక దించుకుందం. లేకుంటే ఇవి సచ్చిపోతయ్."

దించారు. గొర్లు కడుపునిండా తాగాయి. కొన్నాళ్లు అలాగే గడిచింది. మధ్యాహ్నం పూట బుచ్చమ్మ తన పాత ఇంటి గోడ నీడన కూర్చుని సద్ది తినేది.

ఒకరోజు మంద ఇంకా గుంత ఒడ్డు మీద ఉండగానే, అవతలి గట్టున ఎక్కడో బండలు పగలగొట్టడానికి తూటాలు పేల్చారు. నేల అదిరింది. ముందున్న పొట్టేలు బెదిరి బాట వైపు కాకుండా అంచు వెంట పరుగెత్తింది. కాళ్ల కింద బండముక్కలు జారాయి. అది పడింది. వెనకవి దాని వెంటే పోయాయి. చిరంజీవి కర్ర అడ్డం పెట్టి ఆపినవి ఏ కొన్నో.

నీళ్లలో పడ్డవి ఈదుతున్నాయి. బుచ్చమ్మ అంచున నిలబడి గుండెలు పగిలేటట్టు కూత పెట్టింది. ఆ గొంతు విని అన్నీ మొహాలు తిప్పి ఆమె వైపే వచ్చాయి. ఆమె కాళ్ల కిందున్న నున్నటి గోడకు డెక్కలు ఆనించి, పట్టు దొరక్క జారి, మళ్లీ ఆనించాయి. ఆమె ఇంకా గట్టిగా పిలిచింది. అవి ఇంకా దగ్గరికి వచ్చాయి.

"ఆడికెల్లి పిలవకు వదినె" అని అరిచాడు చిరంజీవి. "బాట దిక్కు పో."

అప్పుడు తెలిసిందామెకు. గుంత చుట్టూ పరుగెత్తి లారీ బాట కొనకు చేరి అక్కడి నుంచి పిలిచింది. కొన్ని తలలు తిరిగాయి. అంత దూరం ఈదే సత్తువ ఒకటి రెండింటికే మిగిలింది. మిగతావి గోడ దగ్గరే ఉండిపోయాయి. కాసేపటికి నీళ్లు కదలడం మానేశాయి.

మర్నాడు పశువుల డాక్టరుతో పాటు నష్టం రాసుకోవడానికి రెవెన్యూ ఆఫీసు మనిషి వచ్చాడు.

"ఊరి పేరేందమ్మా?"

"బండలగట్టు, సార్."

"గా పేరుతోని ఊరు లేదు."

"నా బిడ్డ గీడనే పుట్టింది. నా పెనిమిటి గీడనే పాయె."

అతను కఠినమైన మనిషేమీ కాదు. చుట్టూ ఉన్న మొండి గోడల వైపు చూశాడు. "మనుషులే లేని జాగల, మూసేసిన క్వారీల పడ్డయ్. ఏమని రాయాలె నేను? ఇటు ఎందుకు తోలినవమ్మా?"

సాయం ఏదీ రాలేదు.

చిరంజీవి మిగిలిన వాటిని అంగట్లో అమ్మేసి దామరచర్లలో కట్టుబడి కూలికి పోయాడు. వదినెను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండునని ఆమె అన్నం ముందు కూర్చుని ఎన్నోసార్లు అనుకుంది. చివరికి గీత వచ్చి తిరుమలగిరికి తీసుకుపోయింది.

అక్కడ బుచ్చమ్మ పత్తి చేన్లలో కలుపు తీస్తుంది. మనిషి దూరంగా ఉంటే గొంతెత్తి పిలవదు. చేనంతా నడిచి వెళ్లి భుజం తడుతుంది.

"ఒక్క కేకేస్తే వస్త గదనే అమ్మా, ఎండల గింత దూరం ఎందుకు నడుస్తవ్?" అని గీత ఒకరోజు అడిగింది.

"వస్తవ్ బిడ్డా" అంది బుచ్చమ్మ. "పిలిస్తే వస్తరు. గదే నా భయం."