కుక్క పేరే అడ్వాన్సు

క్లెమ్ హార్కర్ తన జన్మలో ఎవరి దగ్గరా అడ్వాన్సు పుచ్చుకోలేదు. కుక్క పేరు పుచ్చుకునేవాడు.

స్వేల్‌డేల్ అనే ఇంగ్లండు లోయలో వాగు పక్కనున్న ఆయన పొలంలో కారు వెనక కట్టుకొచ్చిన మీ చక్రాల ఇల్లు, అదే కారవాను, నిలుపుకుని మూడు రోజులు సేదతీరాలనుకుంటే ఫోను చేసి తేదీ చెప్పాలి, ఇంటిపేరు చెప్పాలి, ఆ తర్వాత మీ కుక్క పేరు చెప్పాలి. ఇంటిపేరు ఆయన సగం సార్లు రాసుకునేవాడే కాదు. కుక్క పేరు మాత్రం పెన్సిలు చెక్కుకుని మరీ రాసుకునేవాడు. అయిదు బళ్లకి మించి అనుమతి లేని చిన్న స్థలాల వాళ్లందరూ అడ్వాన్సు అడగాలా, అడిగితే జనం పారిపోతారా అని తలలు బాదుకుంటున్న రోజులవి. క్లెమ్‌కి ఆ బాధ లేదు. ఆ బాధంతా ఆయన అక్క ఆడ్రీ పడేది.

ఆడ్రీ ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్న మనిషి. రసీదు లేనిదే తుమ్ము కూడా తుమ్మదు. భర్త పోయాక పదకొండేళ్ల క్రితం పుట్టింటికి వచ్చి చేరింది. పొలంలో సగం ఆమెది, సగం తమ్ముడిది. వంటింట్లో ఫోను పక్కనే ఆమె కుర్చీ. అంటే తమ్ముడి వ్యాపార దక్షతంతా పదకొండేళ్లుగా ఆమె చెవిలోనే పడుతోంది.

"వచ్చే నెల పన్నెండు నుంచి మూడు రాత్రులు చోటుందాండీ?"

"ఉంది. కుక్క పేరు?"

"ఏమిటీ?"

"మీ కుక్క పేరండీ."

"డ్యూక్. అడ్వాన్సు ఎంత పంపమంటారు?"

"ఇప్పుడేగా ఇచ్చారు!"

ఫోను పెట్టేసి క్లెమ్ సంతృప్తిగా టీ తాగేవాడు. ఆడ్రీకి ఒళ్లు మండిపోయేది.

"ఒరేయ్ క్లెమ్, వాడు రాకపోతే ఏం చేస్తావురా? డ్యూక్ మీద కేసు పెడతావా?"

"వస్తాడక్కా. మనిషి తన పేరు మీద ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు గానీ, కుక్క పేరు చెప్పి మాట తప్పడు."

"ఎవడు చెప్పాడు నీకు?"

"అనుభవం."

"ఆ అనుభవమేనా, ఈస్టరుకి ముగ్గురు ఎగ్గొట్టింది?"

"ఎగ్గొట్టలేదక్కా. ఇంకా రాలేదంతే."

"ఈస్టరు వెళ్లి ఆరు వారాలైందిరా!"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లని లోకం చాలామందిని చూసింది. కుందేలుని పట్టకుండానే కాళ్లు లెక్కపెట్టే రకం క్లెమ్.

కుక్క లేనివాళ్ల సంగతేమిటని మీకు అనుమానం రావచ్చు. లీడ్స్ నుంచి ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు ఫోను చేసి, మాకు కుక్క లేదండీ అన్నాడు. క్లెమ్ పెన్సిలు కింద పెట్టేశాడు. ఎవరో పోయారని విన్నవాడిలా నిలబడిపోయాడు. చివరికి మెల్లగా, "పోనీ, చిన్నప్పుడు?" అని అడిగాడు. చిన్నప్పుడు మస్టర్డ్ అని ఒకటుండేదట. యాభై ఏళ్ల క్రితం చచ్చిపోయిన ఆ కుక్క పేరున చోటు ఖరారైంది. మేనేజరు దిగీ దిగగానే క్లెమ్ ఎదురెళ్లి, మస్టర్డ్ ఏ రంగుండేదని అడిగాడు. ఇద్దరూ గేటు దగ్గరే గంటసేపు నిలబడి మాట్లాడుకున్నారు. వెనక మరో రెండు కారవాన్లు దారి కోసం హారన్లు కొడుతూనే ఉన్నాయి.

ఇంకో జంటకి ఈ సంగతి ముందే ఎవరో చెప్పారు. వాళ్లు అత్తగారి కుక్కని అరువు తెచ్చుకున్నారు. అది బండి దిగుతూనే క్లెమ్ పిక్క పట్టుకుంది. ఆడ్రీ కట్టు కడుతూ నోటికొచ్చినట్టు తిడుతుంటే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "పేరు పెట్టి పిలిస్తే వదిలిందక్కా. పేరు నిజమే చెప్పారు" అన్నాడు.

ఇదంతా ఎలాగో సహించవచ్చు. సహించరానివి బకెట్లు.

బుక్ చేసుకున్నవాళ్లు వచ్చేదాకా వాళ్ల చోట్లో ఒక బకెట్టు బోర్లించి, దాని మీద సుద్దముక్కతో కుక్క పేరు రాసేవాడు క్లెమ్. ఆ బకెట్టు ఉన్నంతసేపు మహారాజు వచ్చినా ఆ చోటు ఇవ్వడు. మొదటి రోజు రాకపోతే రెండో రోజు వస్తారు. రెండో రోజు రాకపోతే దారిలో ఏమైనా అయి ఉంటుంది. మూడో రోజు పొద్దున్న కూడా బకెట్టు చుట్టూ గడ్డి సరిచేసేవాడు. మే నెలాఖరు సెలవులకి అయిదు చోట్లలో మూడింట్లో బకెట్లే దిగాయి. పికిల్, రోలో, టాఫీ. జోరున వాన. గేటు దగ్గర ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఒక సంసారం, నగదు చేత్తో పట్టుకుని మరీ బతిమాలింది.

"చోట్లు నిండిపోయాయండీ" అన్నాడు క్లెమ్.

"అవి ఖాళీ బకెట్లు కదండీ!"

"ఖాళీవి కావు. పేర్లున్నాయి చూడండి."

ఆ సంసారం వెళ్లిపోయింది. బకెట్లు మూడు రాత్రులూ హాయిగా వానలో తడిసి, సోమవారం మధ్యాహ్నం కొట్టంలోకి వెళ్లాయి. ఆడ్రీకి తలప్రాణం తోకకొచ్చింది.

ఆ వారమే పక్క పొలం ఫాసెట్ వచ్చి, వాగు పక్క పొలం తన గొర్రెలకి కౌలుకిస్తే ఏడాది డబ్బు ముందే ఇస్తానన్నాడు. ముందే! ఆ మాట ఆడ్రీ చెవిలో చర్చి గంటలా మోగింది. అసలే పొలంలో నీళ్ల గొట్టం తుప్పుపట్టి కారుతోంది. కరెంటు పెట్టెలు మార్చకపోతే వచ్చే ఏడాది అనుమతి దొరకదన్నారు. వాటికి డబ్బు బకెట్లు ఇవ్వవు కదా. తాడో పేడో తేల్చుకుందామని తమ్ముణ్ణి కూర్చోబెట్టింది.

"విను. తలకి పది పౌన్ల అడ్వాన్సు అడుగు. అడగనంటే నా సగం ఫాసెట్‌కి. నీ సగంలో రెండు బళ్లు కూడా తిరగవు."

క్లెమ్ మొహం వాడిపోయింది. ఆ పొలం ఆయనకి ప్రాణం. వాగు ఒడ్డున మడత కుర్చీల్లో కూర్చున్న జనం మధ్య, వాళ్ల కుక్కల మధ్య తిరుగుతుంటే తప్ప ఆయనకి ముద్ద దిగదు.

"ఆగస్టు సెలవుల దాకా ఆగక్కా. ఒక్క బకెట్టు మిగిలినా నీ ఇష్టం."

"మాట?"

"మాట."

"అడ్వాన్సు ఇవ్వు."

"ఏమిటక్కా?"

"ఏం లేదులే. నీకు అర్థం కాదు."

ఆగస్టు ఆఖరి సెలవులొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నానికి పొలంలో మూడు కారవాన్లు, రెండు బకెట్లు ఉన్నాయి. ఒకదాని మీద సుల్తాన్, ఒకదాని మీద మళ్లీ టాఫీ. ఫాసెట్ నాలుగింటికి జవాబు కోసం వస్తానన్నాడు. క్లెమ్ అక్క కంట పడకుండా, బురదలో దిగబడ్డ ఎవరిదో కారవాన్ని ట్రాక్టరుతో లాగే పని పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆడ్రీ బుకింగ్ పుస్తకం తెరిచింది. పొలం ఎలాగూ పోతోంది, పోయే ముందు ఈ ఎగవేతదారులకి నాలుగు మాటలు వడ్డించాలని నిశ్చయించుకుంది. మొదట సుల్తాన్ నంబరు తిప్పింది.

"ఓ, మీరా!" అన్నాడు అవతలి ఆయన హుషారుగా. "మేం మూడు చోట్ల చెప్పి ఉంచామండీ. ఎక్కడ వాన లేదో అక్కడికి వచ్చేశాం. ఇక్కడ ఎండ బ్రహ్మాండంగా ఉంది."

"మరి సుల్తాన్?"

"సుల్తానెవరు?"

"మీ కుక్క!"

"ఓహ్, అదా! మాకు కుక్క లేదండీ. మీ ఆయన వదిలేలా లేడని ఏదో పేరు చెప్పాను."

మీ ఆయన కాదు, మా తమ్ముడు అని ఆడ్రీ గర్జించి ఫోను పెట్టేసింది. పదకొండేళ్లలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. కుక్క పేరు మీద అబద్ధమాడినవాడు చేతికి చిక్కాడు! తమ్ముడు రాగానే ఈ మాట వాడి మొహాన కొట్టాలి. అదే ఊపులో టాఫీ నంబరు తిప్పింది. హల్ పట్నంలో మిసెస్ పార్గెటర్ అనే ఆవిడ ఎత్తింది.

"హార్కర్ల పొలం నుంచి మాట్లాడుతున్నాను. మీరు శుక్రవారం రావాల్సింది. మేలో కూడా రావాల్సింది. కిందటేడు..."

"మీరు ఆడ్రీ గారు కదూ!" అంది ఆవిడ. "ఎన్నాళ్లుగానో మీకు థాంక్స్ చెప్పుకోవాలనుకుంటున్నాను. టాఫీని రెండు వారాలు పెట్టుకున్నారు. పాపం, మీ పంది మాంసం కూడా తినేసిందటగా."

ఆడ్రీ ఫోను రెండో చెవికి మార్చింది. జూన్‌లో ఒక గోధుమరంగు కుక్క వచ్చి రెండు వారాలుంది. ఆదివారం భోజనానికి కాల్చి పెట్టిన పంది తొడని ఎముకతో సహా లాగించేసింది. ఫాసెట్ చుట్టాల కుక్క అని చెప్పాడు క్లెమ్.

"అది మీ... అది టాఫీయా?"

"మా ఆయన్ని ఆస్పత్రిలో చేర్చినప్పుడండీ. మీకు చెప్పలేదా? మేం రాని ప్రతిసారీ క్లెమ్ గారు సెలవులు ముగిసిన మర్నాడు రాత్రి పొద్దుపోయాక ఫోను చేస్తారు. చోటు మాట ఎత్తరు. టాఫీ ఎలా ఉందండీ అంటారు. మా ఆయన ఎలా ఉన్నారని ఎవరడిగినా, బాగున్నారనే చెప్తాను నేను. అలవాటైపోయింది. కుక్క సంగతి అడిగితే మాత్రం దాచడం చేతకాదు. అది తిండి మానేసి మంచం కిందే పడుకుంటోందండీ, నాకు ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోతోందని ఏడ్చేశాను. మర్నాడు గొర్రెల బండి వేసుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు."

"మర్నాడు... హాస్ గొర్రెల సంతకి వెళ్తున్నానని చెప్పాడు నాకు" అంది ఆడ్రీ. "ఒక్క గొర్రె కూడా తేలేదు. ధర నచ్చలేదన్నాడు."

"ఇప్పుడు మా ఆయన ఇంటికొచ్చేశారులెండి, లేచి తిరుగుతున్నారు. మీ దగ్గర చోటు దొరికిన తేదీల చుట్టూ కేలెండరులో గుండ్రంగా గీత గీసుకుని, రోజూ వాటిని చూసుకుంటారు. రాగలమో లేదో ఆఖరి పూట దాకా మాకే తెలీదు. అడ్వాన్సు కట్టాలంటే అసలు ఫోనే చేసేదాన్ని కాదు. కానీ మీరు అడిగినా న్యాయమే. రెండు సెలవులు మీకు నష్టం చేశాం. వచ్చే మే నెలకి మళ్లీ రాసుకుంటానంటే కట్టేస్తాను. ఎంత పంపమంటారు?"

ఎంత పంపమంటారు! ఈ రెండు మాటలు తమ్ముణ్ణి కాక తనని ఎవరైనా అడగాలని ఆడ్రీ పదకొండేళ్లు ఆ ఫోను పక్కన కూర్చుంది. పది పౌన్లు అనే జవాబు నాలుక చివరే ఉంది.

"ఏమీ పంపొద్దు" అంది. అని, తన నోటి మీద తనకే చిర్రెత్తుకొచ్చి, "మా తమ్ముడికి చెప్పకండి, నెత్తినెక్కుతాడు" అని కలిపింది.

సరిగ్గా నాలుగింటికి ఫాసెట్ వచ్చాడు. కిటికీలోంచి పొలంలోకి చూసి చేతులు రుద్దుకున్నాడు.

"రెండు బకెట్లు ఆడ్రీ. అయితే పొలం నాదే."

"కాదు."

"అడ్వాన్సు పెట్టారా ఏమిటి?"

"పెట్టలేదు."

"మరి నీళ్ల గొట్టానికీ కరెంటుకీ డబ్బు?"

"పోస్టాఫీసులో నా పొదుపుంది. ఉండనీ అనుకున్నాను, ఉండనివ్వట్లేదు మీరెవరూ. వెళ్లు ఫాసెట్, నాకు తిక్కగా ఉంది."

ఫాసెట్ వెళ్తుంటే గుమ్మంలో క్లెమ్ ఎదురొచ్చాడు. మోకాళ్ల దాకా బురద. తీర్పు వినేవాడిలా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పొలం ఇవ్వట్లేదని అక్క చెప్పాక కూడా నమ్మకం చిక్కక అలాగే నిలబడ్డాడు.

"సుల్తాన్ వాళ్లకి ఫోను చేశాను" అంది ఆడ్రీ కొరకొర చూస్తూ. "పచ్చి అబద్ధం. వాళ్లకి కుక్కే లేదట. ఏమంటావు?"

క్లెమ్ నిజంగా బాధపడ్డాడు.

"పాపం" అన్నాడు. "కుక్క కూడా లేదన్నమాట."

ఆడ్రీ తల పట్టుకుంది. "టాఫీ వాళ్లకి కూడా చేశాను."

క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి. టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడు. బూటు వైపు చూశాడు, సీలింగు వైపు చూశాడు.

"మనుషుల కోసం వెళ్లలేదక్కా నేను. ఒట్టి కుక్క కోసమే."

"హల్‌కా? రెండున్నర గంటలు బండి తోలుకుని? కుక్క కోసం?"

"మంచి కుక్కక్కా."