మా అమ్మకు ప్రార్థన రాదట

మా అమ్మకు ప్రార్థన రాదు. ఇది నేనంటున్న మాట కాదు, ఆమె అందరికీ చెప్పుకుంటూ తిరిగిన మాట. విని విని నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే పొద్దున లేచింది మొదలు ఆమె దేవుడితో మాట్లాడుతూనే ఉండేది. బియ్యం ఏరుతూ, "అయ్యా, పోరి కాలేజికి పోతున్నది, బస్సుల జర సీటు దొర్కనియ్యి" అనేది. పాలు పొంగిపోతే, "చూసినవా, నీతోని ముచ్చట పెడితే గిట్లయితది" అని ఆయన్నే కోప్పడేది. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగేది, అది వింటూనే నిద్రపోయేదాన్ని. అదే కదమ్మా ప్రార్థన అని నేనంటే, "గది ముచ్చట బిడ్డా. ప్రార్థన అయ్యగారు చేస్తడు" అనేది.

అయ్యగారంటే మా పాస్టరు గారు. ఆయన ప్రార్థన బైబిలు భాషలో గుక్క తిప్పుకోకుండా సాగేది. చర్చిలో ఆడవాళ్లంతా ఆ భాషే పట్టుకున్నారు. బయట "జర ఇటు రా" అని పిలిచేవాళ్లే కళ్లు మూసుకోగానే "మా మధ్యకు వేంచేయుము ప్రభువా" అనేవారు. అందులో అందరినీ మించినది స్త్రీల సమాజానికి పెద్ద అయిన టీచరమ్మ. ఆమె ప్రార్థిస్తే సగం మంది కళ్లు తుడుచుకునేవారు. దేవుడికి తెలంగాణ మాట అర్థం కాదని ఎవరు చెప్పారో మరి!

ఒక ఆదివారం అయ్యగారు, దేవుడు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక వరం ఇచ్చాడని ప్రసంగించారు. అమ్మ తల ఊపుతూ విన్నది. ఇంటికొస్తూ, "అందరికి ఇచ్చిండంట, మంచిగ చెప్పిండు" అంది.

"మరి నీకు?"

"నాకేడిది, అంట్లు తోముకునేదాన్ని."

గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. ఎప్పుడూ ఎవరో ఒకరి కొత్తింట్లో ప్రార్థన కూడిక ఉండేది. అయ్యగారు తలా ఒకరిని ప్రార్థించమనేవారు. ఆయన చూపు ఇటు తిరిగేసరికి అమ్మ వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తుండేది, ఎవరిల్లయినా సరే.

చివరికి మేమూ సాగర్ రోడ్డు పక్క వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రతిష్ఠలో మొదటి ప్రార్థన అమ్మే చేయాలని నేను పట్టుబట్టాను. తనను తాను ఇంత తక్కువ చేసుకోవడం ఆ రోజుతోనైనా ఆగాలని నా ఆశ. అమ్మ "సరే తియ్" అంది. నేను నమ్మాను.

అయ్యగారు అమ్మను పిలిచారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఎంతసేపటికీ మాట వినిపించకపోతే కళ్లు తెరిచి చూశాను. అమ్మ కుర్చీ ఖాళీ. అయ్యగారు గొంతు సవరించుకుని తానే మొదలుపెట్టారు. నా పరువు గంగలో కలిసింది. పళ్లు నూరుకుంటూ వంటింట్లోకి నడిచాను.

బగార అన్నం గిన్నె దగ్గర అమ్మ ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని టీచరమ్మ నిలబడి ఉంది.

"రొమ్ముల గడ్డ అన్నరు అక్కా. రేపే పట్నం దవాఖానల ఆపరేషన్. రోజూ మోకాళ్ల మీద కూసుంటున్న, ఒక్క మాట వస్తలేదు. నువ్వు చెయ్యి."

"నాకు ప్రార్థన రాదు చెల్లే."

"నాకు గూడ వస్తలేదు గదా. నీ ముచ్చటనే చెప్పు."

అమ్మను తిడదామని వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మ చేతులు తుడుచుకుని కొంగు తల మీదికి లాక్కుంది.

"అయ్యా, గీ పిల్ల మస్తు మంది కోసం నిన్ను అడిగింది. గిప్పుడు తన కోసం అడుగుదమంటే నోరు లేస్తలేదు. భయపడుతున్నది. నాకేమో మాటలు రావు. నువ్వే అర్థం చేసుకో. రేపు ఆమె పక్కనే ఉండు, ఏడికి పోకు."

టీచరమ్మ అమ్మ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఈలోగా మాడు వాసన వచ్చింది.

"చూసినవా అయ్యా, అన్నం మాడిపాయె!" అంటూ అమ్మ పొయ్యి ఆర్పింది. అప్పుడే నన్ను చూసింది. "ఏందే గట్ల చూస్తవ్? నాకు ప్రార్థన రాదని ముందే చెప్పిన గదా."

ఏమనాలి ఈ మనిషిని? ఏడుస్తూనే అరిచాను. "వచ్చమ్మా! నీకొచ్చు!"

అమ్మ ఎప్పటిలా కాదనలేదు. గరిటె నా చేతికిచ్చి, టీచరమ్మను కొత్త బండల మీద కూర్చోబెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.