కళ్లు మూసుకుంటే నోట్లో పండు

2004 నాటి మాట. మా పాప గ్రేసీకి నాలుగేళ్లు. గుంటూరు దగ్గర మా ఊళ్లో నర్సరీ బడి లేక నేనే ఇంట్లో చదువు చెప్పేదాన్ని. పండ్ల పేర్లు నేర్పడానికి ఒక ఆట కనిపెట్టాను. కళ్లు మూసుకున్నవాళ్ల నోట్లో పాప పండు ముక్క పెట్టాలి, వాళ్లు రుచి చూసి అదేం పండో చెప్పాలి. కాయ ఎర్రబడితే పండైనట్టేనని కూడా నేనే చెప్పాను.

ఒక సాయంత్రం పాస్టరుగారు మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. అందరం కళ్లు మూసుకున్నాం. కాసేపటికి పక్కన మా అత్తగారు ఏదో నములుతున్న చప్పుడు వినిపించి ఒక కన్ను తెరిచాను. గ్రేసీ ఆవిడ నోట్లో జామ ముక్క పెట్టేసి పాస్టరుగారి వైపు నడుస్తోంది. చేతిలో పచ్చడి కోసం తెచ్చిన పండుమిరపకాయ ఉంది. ప్రార్థన మధ్యలో అరవలేను కదా. ఆయన "ప్రభువా" అని నోరు తెరవగానే పెట్టేసింది.

పాస్టరుగారు కొరికేశారు. గొంతు వణికింది, కన్నీళ్లు ధారగా కారాయి, అయినా ప్రార్థన ఆపలేదు. ఆ వణుకు విని వెనకున్న ఆడవాళ్లంతా పరిశుద్ధాత్మ ఆయన్ని కదిలించిందనుకుని భోరుమన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతో ఊగిపోతుంటే, ఏడుస్తున్నాననుకుని మా అత్తగారు వీపు నిమిరారు.

"ఆమెన్" అనగానే గ్రేసీ అడిగింది. "ఏం పండో చెప్పండి పాస్టరుగారూ."

"ముందు నీళ్లు తీసుకురామ్మా, చెబుతా" అన్నారాయన.

ఆ తర్వాత కూడా ఆయన మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చారు. అందరినీ కళ్లు మూసుకోమని, తను మాత్రం ముందు గ్రేసీని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాప రెండు చేతులూ గట్టిగా పట్టుకునేవారు.